ఇంటింటా ఇంగ్లీషు: విత్ హిమ్మా, ఫర్ హిమ్మా?



ఈ వారం పాఠంలోకి వెళ్ళేముందు ఓ ఉత్తరం సంగతి చెప్పాలి. పోలవరం నుంచి ఒక అక్కయ్యగారు రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. "వేస్తే మా వీధి వీధంతా నవ్విపోతుంది" అన్నారు. అలాగేనండీ, వెయ్యను. పోలవరం అక్కయ్య అనే పిలుచుకుందాం. ఆ ఉత్తరం చదువుతుంటే మొదట నవ్వొచ్చింది. చివరికొచ్చేసరికి మనసు చివుక్కుమంది.

పోలవరం మీకు తెలుసుగా? పాపికొండలు దాటుకుని గోదారమ్మ విశాలంగా పరుచుకునే చోట, కుడి ఒడ్డున ఉంటుంది. దగ్గర్లోనే పట్టిసీమ, ఏటి మధ్య వీరభద్రస్వామి గుడి. అక్కడ ప్రాజెక్టు కడుతున్నారు కదా, ఆ పనుల మీద ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చారు. మన అక్కయ్య వాళ్ళ మేడమీద వాటాలో ఒడిశా నుంచి వచ్చిన ఇంజనీరు కుటుంబం దిగింది. భార్యా, భర్తా, నాలుగేళ్ళ పిల్లాడు. ఆ అమ్మాయికి తెలుగు రాదు. అక్కయ్యకి ఒడియా రాదు, హిందీ రాదు. ఇద్దరికీ మధ్య ఉన్న వంతెన ఒక్కటే, ఇంగ్లీషు. అదీ కర్రల వంతెనే!

అయినా స్నేహం బాగానే కుదిరింది. పైనుంచి కూర గిన్నె కిందకీ, కిందనుంచి పచ్చడి గిన్నె పైకీ తిరుగుతూండేవి. ఒకరోజు పొద్దున్నే ఆ అమ్మాయి పిల్లాణ్ణి వెంటబెట్టుకొచ్చి, "ప్లీజ్ కీప్ హిమ్ విత్ యు, ఆంటీ. ఐ విల్ కమ్ ఫర్ హిమ్ ఎట్ వన్" అని చెప్పి, బ్యాంకు పని మీద రాజమండ్రి వెళ్ళింది.

అక్కయ్యకి ఏమర్థమైందంటే, "పిల్లాణ్ణి మీ దగ్గర ఉంచండి. ఒంటిగంటకి ఆయనతో వస్తాను" అని. అమ్మో, ఇంజనీరుగారు మొదటిసారి మనింటికి భోజనానికి వస్తున్నారు! ఇంకేముంది? గుత్తివంకాయ, మామిడికాయ పప్పు, పులిహోర, సేమ్యా పాయసం. అరిటాకులు కోయించి మరీ సిద్ధం చేశారు. ఒంటిగంటకి ఆ అమ్మాయి ఒక్కర్తే వచ్చింది. "థాంక్యూ ఆంటీ" అని పిల్లాడి చెయ్యి పట్టుకుని మెట్లెక్కబోయింది. అక్కయ్యకి కంగారొచ్చి, నోటికొచ్చిన ఇంగ్లీషులో అడిగేశారు: "ఐ కుక్ ఫర్ హిమ్. వై హి నాట్ కమ్ టు మి?"

అంటే ఏమైందో చూశారా? "ఆయన కోసం వండాను. ఆయన నా దగ్గరికి రాలేదేం?" అని! ఆ అమ్మాయి మొహం ఎర్రబడిపోయింది. ఏమీ అనకుండా పైకి వెళ్ళిపోయింది.

"ఆరోజు నుంచీ పది రోజులైంది" అని రాశారు అక్కయ్య. "నేను ఏదో తప్పు మాట్లాడానని తెలుస్తోంది గాని అదేమిటో తెలీదు. పిల్లాడు మెట్లమీంచి ఆంటీ అని పిలిచినా లోపలికి వెళ్ళిపోతున్నాను. ఈ వయసులో నాకు ఇంగ్లీషెందుకు? మూగదానిలా ఉండటమే నయం."

వంట వృథా అయినందుకు కాదండీ నా బాధ. మాట ఆగిపోయినందుకు. అందుకే ఈ వారం పాఠం పోలవరం అక్కయ్యకి. ఆవిడతో పాటు మనందరికీ.

చిటికెడు ఇంగువ

ముందుగా ఒక్క మాట. అక్కయ్యకి మాటలు రాక ఈ తిప్పలు రాలేదు. 'కమ్' తెలుసు, 'హిమ్' తెలుసు, 'వన్' అంటే ఒంటిగంట అనీ తెలుసు. దెబ్బంతా ఆ 'ఫర్' దగ్గరా, ఆ 'హిమ్' ఎవరన్న దగ్గరా తగిలింది. పులిహోరలో ఇంగువ ఎంత వేస్తాం? చిటికెడు. కానీ వెయ్యకపోతే తెలిసిపోదూ? ఫర్, టు, విత్, ఫ్రమ్ లాంటి ఈ చిన్న మాటలూ అంతే. వీటిని ప్రిపొజిషన్లు అంటారు. నేను, నువ్వు, ఆయన, ఆవిడ లాంటివాటిని బళ్ళో సర్వనామాలని చెప్పారు కదా, వాటిని ప్రొనౌన్లు అంటారు. ఈ రెండూ పక్కపక్కన చేరితే ఏం జరుగుతుంది? అదే మన పాఠం.

భయపడకండి. ఇది మీకు పసితనం నుంచీ వచ్చిన విద్యే. నమ్మరా? మీ ఇంట్లో రెండేళ్ళ పిల్ల "నేనుకి పాలు కావాలి" అందనుకోండి. మీరేమంటారు? "నేనుకి కాదమ్మా, నాకు అనాలి" అని దిద్దుతారు. ఎందుకలా అనాలో మీకెవరూ చెప్పలేదు. అయినా ఒక్కరోజు కూడా తప్పు పలకరు. 'కి, కు, తో, కోసం, నుంచి' వచ్చి తగిలేసరికి 'నేను' కాస్తా 'నా' అయిపోతుంది. నాకు, నాతో, నా కోసం, నా నుంచి. అలాగే 'నువ్వు' పోయి 'నీ' వస్తుంది, 'మేము' పోయి 'మా' వస్తుంది, 'అది' పోయి 'దాని' వస్తుంది. 'ఆయన', 'ఆవిడ' మాత్రం మారకుండా అలాగే ఉంటాయి.

చిన్నప్పుడు "డు ము వు లు ప్రథమా విభక్తి" అని వల్లె వేసింది గుర్తుందా? "చేతన్, చేన్, తోడన్, తోన్" అని మేష్టారి బెత్తానికి భయపడి చదివాం కదా, అవే ఇవి. మనం వాటిని పాఠంగా మరిచిపోయినా నోటితో రోజూ వాడుతూనే ఉన్నాం.

ఇంగ్లీషులోనూ ఇదే తంతు. తేడా ఒక్కటే. మనకి 'తో' వెనక తగులుతుంది, వాళ్ళకి 'విత్' ముందొస్తుంది. 'నాతో' అన్నదాన్ని అద్దంలో చూస్తే 'విత్ మి'. 'మా కోసం' అద్దంలో 'ఫర్ అస్'. మనది తోక అయితే వాళ్ళది కొమ్మన్నమాట! ఎటు తగిలినా ప్రొనౌను రూపం మారుతుంది. ఇదిగోండి ఆ మార్పులు:

ఐ మారి మి అవుతుంది: విత్ మి, నాతో.
హి మారి హిమ్ అవుతుంది: ఫర్ హిమ్, ఆయన కోసం.
షి మారి హర్ అవుతుంది: ఫ్రమ్ హర్, ఆవిడ దగ్గర్నుంచి.
వి మారి అస్ అవుతుంది: నియర్ అస్, మా దగ్గర్లో.
దే మారి దెమ్ అవుతుంది: టు దెమ్, వాళ్ళకి.
యు, ఇట్ మారవు: టు యు, ఇన్ ఇట్.

మొత్తం అయిదు మార్పులు. వేళ్ళమీద లెక్కపెట్టుకోవచ్చు. మన 'ఆయన, ఆవిడ' ఎలా మారవో వాళ్ళ 'యు, ఇట్' అలా మారవు. ఒక్క తమాషా మాత్రం గుర్తుంచుకోండి. మనం 'మీ' అంటే ఎదుటివాళ్ళది. వాళ్ళు 'మి' అంటే నేనే!

పేర్లతో ఈ గొడవే లేదు. 'విత్ సీత, ఫర్ సీత', ఎక్కడైనా సీత సీతే. నిజానికి ఓ వెయ్యేళ్ళ కిందట ఇంగ్లీషులో మామూలు నామవాచకాలకి కూడా మన విభక్తుల్లాంటి ప్రత్యయాలుండేవి. రానురానూ అరిగిపోయాయి. ఈ ప్రొనౌన్లలో మాత్రం మిగిలాయి. పాత ఇల్లు పడగొట్టినా గుమ్మం ఒక్కటి దాచుకున్నట్టు!

దొరలు పడ్డ పాట్లు

మనకే ఈ కష్టం అనుకోకండి. మన భాష నేర్చుకోడానికి వచ్చిన దొరలూ సరిగ్గా ఇక్కడే చెమటలు కక్కి ఉంటారు. మన సి.పి. బ్రౌన్ దొర రాజమండ్రిలో కూడా ఉద్యోగం చేశాడు. 1840లో తెలుగు వ్యాకరణం, 1852లో తెలుగు నుంచి ఇంగ్లీషుకి నిఘంటువు అచ్చువేశాడు. ఆ తర్వాత ఆర్డెన్ అనే మిషనరీ ఇంగ్లీషువాళ్ళకి తెలుగు మెట్టుమెట్టుగా నేర్పడానికి 1873లో మరో వ్యాకరణం వేశాడు. ఆ పుస్తకాలెందుకు రాయాల్సొచ్చిందో ఒక్కసారి ఆలోచించండి. 'ఐ నో' అనే దొర తెలుగులోకొచ్చేసరికి 'నేను తెలుసు' అనకూడదు, 'నాకు తెలుసు' అనాలి. 'ఐ హావ్ ఫీవర్' అనేవాడు 'నాకు జ్వరం' అనాలి. వాళ్ళ 'ఐ' మన దగ్గర కొన్నిచోట్ల 'నేను', కొన్నిచోట్ల 'నాకు'. ఎక్కడ ఏదో తెలియాలంటే పుస్తకం కావాలి మరి!

అంటే వాళ్ళు ఎక్కడ తడబడతారో మనం అటునుంచి అక్కడే తడబడతాం. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది? ఇక ఆ జారుడు మెట్లు ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి మెట్టు: ప్రతి 'నాకు' టు మి కాదు

ఇచ్చిపుచ్చుకునే దగ్గర 'నాకు' అంటే 'టు మి'యే. "తాళం నాకు ఇవ్వు" అంటే "గివ్ ద కీ టు మి". లేదా 'టు' తీసేసి "గివ్ మి ద కీ". రెండూ సరైనవే. "గివ్ టు మి ద కీ" మాత్రం అనకండి.

మిగతా చోట్ల మన 'నాకు' ఇంగ్లీషులో 'ఐ' అయి ముందు పీట మీద కూర్చుంటుంది. నాకు ఆకలేస్తోంది, "ఐ యామ్ హంగ్రీ". నాకు ఇద్దరు పిల్లలు, "ఐ హావ్ టూ చిల్డ్రన్". నాకు తెలుసు, "ఐ నో". నాకు కాఫీ ఇష్టం, "ఐ లైక్ కాఫీ". నాకు ఒంట్లో బాగాలేదు, "ఐ యామ్ నాట్ వెల్". వీటిలో ఎక్కడా 'టు మి' లేదు చూడండి.

ఇంకో చిక్కు. "నాకు చెప్పింది" అంటే "షి టోల్డ్ మి". ఇక్కడ 'టు' పెట్టకూడదు. 'సెడ్' వాడితే మాత్రం పెట్టాలి, "షి సెడ్ టు మి". అడగడానికీ 'టు' అక్కర్లేదు, "షి ఆస్క్‌డ్ మి". వివరించమనాలంటే "ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి". "ఎక్స్‌ప్లెయిన్ మి" అని చాలామంది అనేస్తుంటారు. పిల్లల బళ్ళో టీచరమ్మ దగ్గర ఈ మాట అవసరపడుతుంది, రాసి పెట్టుకోండి.

రెండో మెట్టు: ప్రతి 'తో' విత్ కాదు

"నాతో బజారుకి రా" అంటే "కమ్ విత్ మి టు ద మార్కెట్". ఇది సులువు. కానీ "ఆమెకి ఇతనితో పెళ్ళయింది" అంటే 'మ్యారీడ్ విత్ హిమ్' కాదు, "షి ఈజ్ మ్యారీడ్ టు హిమ్".

అలాగే 'మీద'. గిన్నె బల్ల మీద ఉంటే 'ఆన్ ద టేబుల్'. కానీ కోపం మనిషి మీద కూర్చోదు. "ఆయన మీద కోపంగా ఉన్నాను" అంటే "ఐ యామ్ యాంగ్రీ విత్ హిమ్". చూశారా, ఇక్కడ మన 'మీద'కి వాళ్ళు 'విత్' అంటారు. ప్రేమైతే "లవ్ ఫర్ హిమ్". భయమైతే "అఫ్రైడ్ ఆఫ్ హిమ్". కోపానికీ, ప్రేమకీ, భయానికీ తలో చిన్న మాట!

'దగ్గర' కూడా అంతే. "ఆవిడ దగ్గర కూర్చున్నాను" అంటే "ఐ శాట్ నియర్ హర్". "ఆవిడ దగ్గర బదులు తీసుకున్నాను" అంటే "ఐ బారోడ్ ఇట్ ఫ్రమ్ హర్". 'నియర్ హర్' అంటే ఆవిడ పక్కన నిలబడి ఇంకెవరి దగ్గరో తీసుకున్నట్టుంటుంది.

వీటికి సూత్రాలు వెతక్కండి. వంట నేర్చుకునేటప్పుడు "పప్పులో ఉప్పెంత?" అంటే అత్తగారు గ్రాముల్లో చెప్పారా? చేస్తూ చేస్తూ చేతికి వచ్చింది. వీటినీ జంటలుగా నోటికి అలవాటు చేసుకోండి. వెయిట్ ఫర్ మి. లిజన్ టు మి. లుక్ ఎట్ మి. టాక్ టు మి. నా కోసం ఆగు, నా మాట విను, నా వంక చూడు, నాతో మాట్లాడు.

మూడో మెట్టు: మీ వారిని పక్కన కూర్చోబెట్టండి

"వాళ్ళు మా వారికీ నాకూ కాఫీ పెట్టారు" అని చెప్పాలి. "దే మేడ్ కాఫీ ఫర్ మై హస్బెండ్ అండ్ ఐ" అనాలా, "మై హస్బెండ్ అండ్ మి" అనాలా? బాగా చదువుకున్నవాళ్ళు కూడా, ఇంగ్లీషు వాళ్ళతో సహా, 'ఐ' అంటే గౌరవంగా ఉంటుందనుకుని పొరబడుతుంటారు.

దీనికో చిట్కా. మీ వారిని ఒక్క నిమిషం పక్కన కూర్చోబెట్టండి. ఇప్పుడు వాక్యం చదవండి. "కాఫీ ఫర్ ఐ" అంటారా? అనరు. "కాఫీ ఫర్ మి" అంటారు. అయితే వారిని మళ్ళీ పిలిచినా మీరు 'మి'యే. "ఫర్ మై హస్బెండ్ అండ్ మి". ఆయన వచ్చినంతమాత్రాన మీ రూపం మారక్కర్లేదు, ఏమంటారు? "మనిద్దరి మధ్యే ఉండనీ" అన్నదీ ఇంతే. "బిట్వీన్ యు అండ్ మి". 'యు అండ్ ఐ' కాదు.

నాలుగో మెట్టు: మధ్యలో ఇరుక్కునే 'ఇట్'

స్టవ్వు ఆపమనాలి. "టర్న్ ఆఫ్ ద స్టవ్" అనొచ్చు, "టర్న్ ద స్టవ్ ఆఫ్" అనొచ్చు. కానీ స్టవ్వు పేరు తీసేసి 'దాన్ని' అన్నారా, అది మధ్యలోనే కూర్చోవాలి. "టర్న్ ఇట్ ఆఫ్". 'టర్న్ ఆఫ్ ఇట్' అనకూడదు. బజ్జీలో సెనగపిండి పూత మధ్య మిరపకాయ ఉన్నట్టు!

"టేక్ ఇట్ అవుట్", బయటకి తియ్యి. "పుట్ ఇట్ డౌన్", కింద పెట్టు. "త్రో ఇట్ అవే", పారెయ్యి. "పిక్ హిమ్ అప్", వాణ్ణి ఎత్తుకో. కానీ "ఆవిణ్ణి చూసుకో" అన్నది మాత్రం "లుక్ ఆఫ్టర్ హర్". ఇక్కడ 'హర్' చివరే. ఎందుకంటే టర్న్ ఆఫ్‌లో 'ఆఫ్' క్రియకి అంటుకున్న మాట. లుక్ ఆఫ్టర్‌లో 'ఆఫ్టర్' మాత్రం 'హర్' ముందు నిలబడ్డ అసలు సిసలు ప్రిపొజిషను. వెయిట్ ఫర్, లుక్ ఎట్, లిజన్ టు కూడా ఈ రెండో రకానివే.

అయిదో మెట్టు: హిమ్ అంటే ఎవరు?

అసలు పోలవరం అక్కయ్య కాలు జారింది ఈ మెట్టు మీదే. మనం నాలుగేళ్ళ పిల్లాణ్ణి 'వాడు' అంటాం. భర్తని 'ఆయన' అంటాం. తమ్ముణ్ణి 'అతను' అనొచ్చు. మాట వినగానే ఎవరి గురించో సగం తెలిసిపోతుంది. ఇంగ్లీషులో పసివాడూ 'హి'నే, మొగుడూ 'హి'నే, తాతగారూ 'హి'నే, ప్రధానమంత్రిగారూ 'హి'నే. గౌరవం తగ్గించినట్టు కాదు, వాళ్ళకి వేరే మాట లేదంతే. కొంతమంది సోదరీమణులు భర్తని 'హి' అనడానికి నోరు రాక మాటిమాటికీ 'మై హస్బెండ్, మై హస్బెండ్' అంటుంటారు. అక్కర్లేదు, నిరభ్యంతరంగా 'హి' అనండి.

మరి ఎవరో ఎలా తెలియాలి? ఇప్పటిదాకా ఎవరి గురించి మాట్లాడుకుంటున్నామో చూసుకోవాలి. "కీప్ హిమ్ విత్ యు" అన్నప్పుడు ఆ అమ్మాయి పిల్లాడి చెయ్యి పట్టుకుని ఉంది. మధ్యలో భర్త ప్రస్తావన రాలేదు. కాబట్టి వెనకాలే వచ్చిన 'ఫర్ హిమ్' కూడా పిల్లాడే. ఇక ఆ 'ఫర్' అంటే 'కోసం'. "బడికి పిల్లాడి కోసం వెళ్ళాను" అంటాం కదా మనం, తీసుకురావడానికి అని? అదే అర్థం. "ఒంటిగంటకి వాడి కోసం వస్తాను." అక్షరం పొల్లుపోకుండా మన పలుకుబడే! భర్తతో వచ్చేదైతే "ఐ విల్ కమ్ విత్ మై హస్బెండ్" అని ఉండేది.

ఇదే మెట్టు మీద ఇంకో జారుడు ఉంది. మనకి 'తన' అనే చక్కని మాట ఉంది. "సీత లక్ష్మికి తన గురించి చెప్పింది" అంటే సీత గురించి. "ఆమె గురించి చెప్పింది" అంటే ఇంకొకరి గురించి. ఇంగ్లీషులో "షి టోల్డ్ హర్ అబౌట్ హర్" అన్నారనుకోండి, ఎవరు ఎవరి గురించి ఎవరికి చెప్పారో బ్రహ్మకే ఎరుక! అలాంటప్పుడు మొహమాటపడకుండా పేరు చెప్పేయండి. ముఖ్యంగా డాక్టరు దగ్గర. అత్తగారూ ఆడపడుచూ ఇద్దరూ పక్కనుంటే "టాబ్లెట్ ఫర్ హర్" అన్నది ఎవరికో తేల్చుకోకుండా ఇంటికి రాకండి. "ఫర్ హూమ్? ఫర్ మై మదర్ ఇన్ లా?" అని అడగండి. మందుల విషయంలో మొహమాటం పనికిరాదు.

'అస్'తో కూడా జాగ్రత్త. మనకి 'మాతో' వేరు, 'మనతో' వేరు. వాళ్ళకి రెండూ 'విత్ అస్'. "షి ఈజ్ కమింగ్ విత్ అస్" అంటే మీరూ ఆ జట్టులో ఉన్నారో లేదో అడిగి తెలుసుకోవాలి. పాపం ఇంగ్లీషు, ఇంత పెద్ద భాష అయ్యుండీ మన 'మనం' లేదు దానికి!

ఇక అక్కయ్యగారూ, మీకు

మీరు అడిగింది "వై హి నాట్ కమ్ టు మి?" అని. మీ మనసులో మాట "ఆయన నీతో రాలేదేం?" అని. నీతో అంటే 'విత్ యు'. "వై డిడ్ హి నాట్ కమ్ విత్ యు?" అనుంటే ఆ అమ్మాయి నవ్వేసి, విషయం తెలుసుకుని, మీ పాయసం రెండు గిన్నెలు తాగి ఉండేది. రెండు చిన్న మాటలు తారుమారయ్యాయి, అంతే. మీ ఆప్యాయత మాత్రం తారుమారు కాలేదు కదా.

పది రోజులు చాలించండి. ఈ ఆదివారం మళ్ళీ పులిహోర కలపండి. ఇంగువ మరిచిపోకండి. గిన్నె పట్టుకుని మీరే మేడెక్కండి. ఈ నాలుగు ముక్కలూ చెప్పండి: "దట్ డే మై ఇంగ్లీష్ వాజ్ రాంగ్. ఐ కుక్‌డ్ ఫర్ ఆల్ ఆఫ్ యు. దిస్ ఈజ్ ఫర్ యు. ప్లీజ్ కమ్ డౌన్ అండ్ ఈట్ విత్ అస్." ఇందులో 'ఫర్ యు' ఉంది, 'విత్ అస్' ఉంది. పాఠమంతా ఇందులోనే ఉంది.

ఇంకో మాట. ఆ అమ్మాయికి మీరు తెలుగు నేర్పండి. బ్రౌన్ దొరకి మన పండితులు సాయపడ్డట్టు ఆ అమ్మాయికి మీరుంటారు. "నేనుకి పులిహోర కావాలి" అని తను తడబడినప్పుడు మీరు నవ్వరు, "నాకు అనాలమ్మా" అంటారు. అప్పుడు మీకే తెలుస్తుంది, మీ ఇంగ్లీషు విన్నప్పుడు ఎదుటివాళ్ళు కూడా చాలాసార్లు నవ్వరనీ, ఆ మాట వెనక మీరేమనుకుంటున్నారో వెతుక్కుంటారనీ. తప్పు మాట్లాడితే దిద్దుకోవచ్చు. అసలు మాట్లాడకపోతే దిద్దుకోడానికి ఏముంటుంది చెప్పండి?

ఇంటిపని

అందరికీ అయిదు వాక్యాలు. కూర ఉడికేలోగా ఇంగ్లీషులోకి మార్చండి. జవాబులు కిందే ఉన్నాయి, ముందే చూసేయకండి సుమా!

ఒకటి: వాళ్ళ కోసం ఎదురుచూస్తున్నాను.
రెండు: ఆవిడకి నా మీద కోపం.
మూడు: దాన్ని ఆపెయ్యి (ఫ్యాను).
నాలుగు: మా వారితోనూ నాతోనూ మాట్లాడాడు.
అయిదు: నాకు ముగ్గురు అక్కచెల్లెళ్ళు.

జవాబులు: ఒకటి, ఐ యామ్ వెయిటింగ్ ఫర్ దెమ్. రెండు, షి ఈజ్ యాంగ్రీ విత్ మి. మూడు, స్విచ్ ఇట్ ఆఫ్. నాలుగు, హి టాక్‌డ్ టు మై హస్బెండ్ అండ్ మి. అయిదు, ఐ హావ్ త్రీ సిస్టర్స్.

అయిదుకి అయిదూ వచ్చాయా? శభాష్. మూడే వచ్చాయా? ఫరవాలేదు, మొదటి రోజు చేసిన దోసె కూడా పెనానికి అంటుకుంది కదా! ఈ చిన్న మాటల వల్ల మీ ఇంట్లోనూ ఏమైనా తమాషాలు జరిగితే రాయండి. పేర్లు వెయ్యను, మాటిస్తున్నాను.

పోలవరం అక్కయ్యగారూ, మేడమీద ఏం జరిగిందో మాత్రం తప్పకుండా రాయాలి. ఉయ్ ఆర్ వెయిటింగ్ ఫర్ యు!

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.